గొలుసులు: గెరాసేనుల దేశం నుంచి మన బస్టాండు దాకా



మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య బతికిన మనిషిని జనం గొలుసులతో కట్టారు. యేసు అతణ్ణి బాగుచేసి ఇంటికి పంపాడు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. ఇలాంటి చోట్లకు లైసెన్సు, తనిఖీ ఉండాలన్న 1987 నాటి చట్టం అప్పటికే అమల్లో ఉంది. చట్టం కాగితం మీదే మిగిలింది, గొలుసులు కాళ్లకు మిగిలాయి.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. ఇల్లు లేనివారికి చికిత్స ఉచితం. వీధిలో తిరిగే రోగిని పోలీసులు లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంటివాళ్లను వెతకాలి. రోగులను ఉంచుకునే చోట ప్రమాణాలు పాటించకపోతే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీకి ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బస్టాండ్లలో అలాంటివారు కనబడితే అన్నం పెట్టి ఊరుకోకండి, పోలీసులకు చెప్పండి. ఎక్కడ చేర్చారో కనుక్కొని, వెళ్లి అడగండి: డాక్టరు వస్తున్నాడా? మందులు అందుతున్నాయా? కట్టేస్తున్నారా? స్వస్థత కోసం రోగులను ఉంచుకునే మన ప్రార్థన మందిరాలనూ ఇదే అడగాలి. చేర్పించడంతో మన ప్రేమ ముగిసిపోదు. మళ్లీ వెళ్లి చూడటం కూడా పరిచర్యే.