వదంతి కంటే ఆలస్యంగా వచ్చే ప్రభుత్వం

సూరత్ నుంచి బార్డోలీకి సాగే రోడ్డు ముంబయి–అహ్మదాబాద్ జాతీయ రహదారిని దాటే చోట కడోదరా ఉంది. అద్దకం మిల్లులు, మరమగ్గాల షెడ్లు, వాటిలో పనిచేసే వలస కార్మికులకు రెండు పూటలా తిండి పెట్టే చిన్న హోటళ్లు, లారీల దుమ్ము. ఈ దారికి రాజకీయ చరిత్రలో పేరు తెచ్చింది 1928 నాటి బార్డోలీ సత్యాగ్రహం. ప్రజారోగ్య చరిత్రలో మాత్రం సూరత్‌కూ, అక్కడి నుంచి బయటికి పోయే దారులన్నింటికీ గుర్తుండిపోయిన తేదీ వేరే ఉంది. అది 1994 సెప్టెంబరు.

ఆ ఏడాది వానలు విపరీతం. తాపీ పొంగి మురికివాడలు మునిగాయి. ఆగస్టులోనే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కనిపించినట్టు వార్తలు వచ్చాయి. సెప్టెంబరు మూడో వారంలో సూరత్ ఆసుపత్రులలో జ్వరంతో, రక్తం పడే దగ్గుతో వచ్చినవారు గంటల వ్యవధిలో మరణించసాగారు. అది ఊపిరితిత్తుల ప్లేగు కావచ్చని వైద్యులు అనుమానించారు. అయితే ఊరిలో ముందు తిరిగింది వైద్యుల మాట కాదు, తాగునీటిలో విషం కలిసిందన్న వదంతి. జనం కుళాయి వంకా, కుండ వంకా అనుమానంగా చూశారు. అసలు జబ్బు పేరు బయటపడేసరికి ఆ పేరే పెద్ద విషమైంది. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ మాయమైంది. ప్రైవేటు వైద్యులలో చాలామంది తాళాలు వేసుకుని వెళ్లిపోయారు. వైద్యుడే పారిపోతుంటే, భయం వద్దని చెప్పే ప్రకటనను నమ్మేదెవరు?

కొద్ది రోజుల్లో నగరం విడిచినవారు కనీసం 3 లక్షలన్నది ఎక్కువగా ఉటంకించే అంచనా. 1991 లెక్కల ప్రకారం సూరత్ జనాభా సుమారు 15 లక్షలు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. తెలంగాణ నుంచి తరతరాలుగా వచ్చి మగ్గాల మీద బతుకుతున్న పద్మశాలీ కుటుంబాలకు కూడా సూరత్ సొంత ఊరే. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు నడిపే ఊరు అది. పిల్లలకు పాఠం తెలుగులో చెప్పాలని తెలిసిన వ్యవస్థకు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పెద్దలకు ఏ భాషలో చెప్పాలన్న ఆలోచన రాకపోవడం వింతే.

చివరికి దేశమంతటా మృతుల సంఖ్య 60 దాటలేదు. నష్టం మాత్రం ఆ సంఖ్యకు ఏ నిష్పత్తిలోనూ లేదు. గల్ఫ్ దేశాలు విమానాలు ఆపాయి. కొన్ని దేశాలు భారత ఆహార పదార్థాల దిగుమతిని కూడా నిలిపివేశాయి. ఊపిరితిత్తుల ప్లేగు తుంపరల ద్వారా, గడ్డల ప్లేగు ఎలుకల మీద ఉండే చిన్న కీటకాల ద్వారా సోకుతాయి; ఓడకెక్కిన బియ్యం బస్తా వల్ల కాదు. వ్యాపారంపై, ప్రయాణాలపై ఆంక్షలు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వినలేదు. 1991లో ఆర్థిక ద్వారాలు తెరిచిన పి.వి. నరసింహారావు ప్రభుత్వానికి, తెరిచిన తలుపు అవతలి నుంచి కూడా మూసుకుపోగలదని తెలిసివచ్చిన సందర్భమది. గాంధీనగర్‌లో ఛబీల్‌దాస్ మెహతా ప్రభుత్వమూ, ఢిల్లీలో కేంద్రమూ ఒకే పార్టీవి. అయినా కేసుల లెక్కలు పూటకో తీరుగా వచ్చాయి. ఇంటివారే ఒక లెక్క మీద నిలవనప్పుడు పొరుగువారు నమ్మాలనుకోవడం అత్యాశ.

సరిగ్గా ఇరవై ఏళ్ల ముందు ఇదే గుజరాత్‌లో దీనికి పూర్తిగా తలకిందులైన కథ నడిచింది. 1974 చివరిలో పంచమహల్ జిల్లాలోనూ, దానిని ఆనుకుని ఉన్న రాజస్థాన్‌లోని బాన్స్‌వాడాలోనూ ఆదివాసీ గ్రామాల్లో కామెర్లు, నీరు పట్టి ఉబ్బిన కడుపులు. చాలాచోట్ల ముందు చచ్చినవి ఇంటి కుక్కలు. యజమానులు తిన్న రొట్టెల్లో మిగిలినవే అవీ తిన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్, తిలక్ ఆ గ్రామాల్లో పరిశోధించి 1975లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. 397 మంది రోగులు, 106 మరణాలు. కారణం అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న. ఆ బూజు పుట్టించే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రొట్టె కాల్చినంత వేడికి నశించదు. కలుషిత గింజల్లో అది కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాములకు పైగా ఉంది. నేటి మన చట్టం తృణధాన్యాలలో అనుమతించేది కిలోకు 15 మైక్రోగ్రాములు. తేడా వందల రెట్ల నుంచి వెయ్యి రెట్ల దాకా.

ఈ విషం 1974 నాటికి శాస్త్రానికి కొత్తది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వేరుశనగ పిండి దాణా తిని చచ్చినప్పుడే దాని ఆనవాలు దొరికింది. జ్ఞానం పద్నాలుగేళ్లుగా పత్రికల్లో ఉంది. పంచమహల్ గుడిసెకు చేరలేదు. చేరినా ఏమని చేరేది? బూజు పట్టింది పారేయమనా? ఇంట్లో ఉన్నదంతా ఆ మొక్కజొన్నే అయినవాడికి ఆ సలహా పస్తుండమన్న ఆజ్ఞ. బదులు ధాన్యం ఇవ్వకుండా ప్రమాదం గురించి చెప్పడం, అన్నం పెట్టకుండా ఆకు వేయడంతో సమానం. ఇంకో సంగతి. సూరత్ ప్లేగు కంటే దాదాపు రెట్టింపు ప్రాణాలు తీసిన ఆ విషం ఏ విమానాన్నీ ఆపలేదు, ఏ పాలకుడి కుర్చీనీ కదిలించలేదు.

సూరత్ కథలో మలుపు 1995 మేలో మునిసిపల్ కమిషనర్‌గా ఎస్.ఆర్. రావు రాకతో మొదలైంది. అధికారులు చల్లని గదులు విడిచి రోజూ వీధుల్లో తిరగాలన్నాడు. చెత్త, మురుగుతో పాటు వంటశాలల మీదా పడ్డాడు. శుభ్రత లేని హోటళ్లకు, మిఠాయి దుకాణాలకు తాళాలు పడ్డాయి. పలుకుబడి ఉన్నవారికీ మినహాయింపు దొరకలేదు. ప్లేగు వంటగది నుంచి రాలేదు కదా అని అడగవచ్చు. నిజమే. కానీ ప్రభుత్వం మాట మీద నమ్మకం పోయిన ఊరిలో, పెద్ద హోటల్ తలుపుకు పడిన తాళం ఏ భాష వాడికైనా అర్థమయ్యే ప్రకటన. ఏడాదిన్నర తిరగకుండానే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల్లో రెండోదిగా పేరు తెచ్చుకుంది.

అది ప్లేగేనా అన్న వాదం మాత్రం ఆగలేదు. దానిని పరిశీలించిన సాంకేతిక సలహా సంఘానికి శ్రీకాకుళంలో పుట్టిన ఉలిమిరి రామలింగస్వామి అధ్యక్షుడు. సంఘం ప్లేగేనని తేల్చింది. 2000లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలతో అదే ధ్రువీకరించారు. రామలింగస్వామి తర్వాత రాసిన వ్యాసం సూక్ష్మజీవి గురించి కాదు, సూరత్ ప్లేగు జనం మనసులపై చూపిన ప్రభావం గురించి.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్ ఒక బాధ్యతను స్పష్టంగా రాసింది. ఏదైనా ఆహారం ఆరోగ్యానికి ప్రమాదకరమని అనుమానించే సహేతుక కారణాలుంటే, ఆ ఆహారం ఏదో, ప్రమాదం ఏమిటో, ఏ చర్యలు తీసుకుంటున్నారో అధికారులు ప్రజలకు తెలియజేయాలి. నిరూపణ దాకా ఆగనక్కరలేదు, అనుమానం చాలు. పంచమహల్‌లో కుక్కలు చచ్చిన రోజున ఇలాంటి నిబంధన అమలులో ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. ఏ భాషలో తెలియజేయాలో ఆ నిబంధన చెప్పదు. తిండి మానమన్నప్పుడు బదులు ఏమివ్వాలో కూడా చెప్పదు.

1995లో ఎస్.ఆర్. రావు తాళాలు నగరపాలక సంస్థ పొలిమేర దాకానే పనిచేశాయి. కడోదరా ఆ పొలిమేరకు అవతల ఉంది. మిల్లులూ వాటి వెంట కార్మికుల తిండి హోటళ్లూ పెరుగుతూ పోయింది కూడా ఈ అవతలి వైపే.