పుదుచ్చేరి శిలాజాలు

పుదుచ్చేరి పట్టణానికి పడమర, వాయవ్య దిక్కుల్లోని పల్లెల నేలలో రెండు కాలాల శిలాజాలు దొరుకుతాయి. కొన్ని డైనోసార్ల చివరి దశనాటి సముద్ర జీవులవి. మరికొన్ని, డైనోసార్లు అంతరించిన కోట్ల ఏళ్లకు పెరిగిన చెట్లవి. ఈ స్థలాలు చాలావరకు తమిళనాడులోని విలుప్పురం జిల్లాలోకి వస్తాయి.

సముద్ర జీవులు

క్రిటేషియస్ యుగం చివర, సుమారు 7 కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడ సముద్రం ఉండేది. అందుకే వళుదావూరు పరిసరాల రాళ్లలో పెంకుగల సముద్ర జీవులైన అమ్మోనైట్లు, నత్తలు, ఆల్చిప్పలు ఎక్కువ. 1840 ప్రాంతంలో కేయ్, కన్‌లిఫ్ అనే ఇద్దరు సేకరించిన నమూనాలను 1846లో ప్రకృతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫోర్బ్స్ వర్ణించాడు. వాటిలో చాలా నమూనాలు నేడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. ఈ జీవుల్లో బాకులైట్స్ అనే అమ్మోనైట్ ప్రత్యేకమైనది. దాని పెంకు మిగతా చాలా అమ్మోనైట్లలా చుట్ట చుట్టుకోకుండా చేతికర్రలా తిన్నగా ఉంటుంది. పైపొర ఊడిన చోట మెలికలు తిరిగిన గీతలు కనిపిస్తాయి. లోపలి గదుల అడ్డుగోడలు పెంకును అంటుకున్న జాడలవి.

రాతి చెట్లు

తిరువక్కరైలో భారత జియలాజికల్ సర్వే సంరక్షిస్తున్న జాతీయ శిలాజ వృక్ష ఉద్యానవనం ఉంది. ఇక్కడి రాతి మానుల గురించి 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త పియర్ సోనెరా రాశాడు. సుమారు 2 కోట్ల ఏళ్లనాటి ఈ మానులు నేలమీద అడ్డంగా పడి ఉన్నాయి. కొమ్మలు, వేళ్లు లేవు కాబట్టి వరదలో కొట్టుకొచ్చి ఇసుకలో పూడిపోయాయని భావిస్తారు. నీటిలో కరిగిన సిలికా చెక్కలోకి ఇంకి గట్టిపడడంతో కొన్ని మానుల్లో వలయాలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

డైనోసార్లు, ప్రదర్శన

డైనోసార్ల ఎముకల కోసం నైరుతిన ఉన్న అరియలూరు ప్రాంతానికి వెళ్లాలి. అక్కడి కల్లమేడులో దొరికిన భారీ ఎముకలకు శాస్త్రవేత్తలు పి. యాదగిరి, అయ్యసామి 1987లో బృహత్కాయోసారస్ అని పేరు పెట్టారు. పెళుసుబారిన ఆ ఎముకలు వానల తేమకు పొడైపోయాయి. ఇప్పుడు వర్ణనలు, చిత్రాలే ఆధారం. ఆ యాదగిరే 1988లో వర్ణించిన కోటాసారస్ అనే డైనోసార్ మాత్రం నిలిచింది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ జురాసిక్ యుగపు ఎముకలతో కూర్చిన 44 అడుగుల అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. పుర్రె దొరకలేదు కాబట్టి తలను నమూనాగా తయారు చేశారు.

ప్రదర్శనశాల పని అద్దాల గదిలో మొదలవదు. ఎముక తవ్విన చోటే దాన్ని గట్టిపరచి, కట్టు కట్టి, తేమ తగలకుండా ప్రదర్శనశాలకు చేర్చినప్పుడే తర్వాతి తరాలు దాన్ని కళ్లారా చూడగలుగుతాయి.