అమరావతీ శిల్పము - కాలనిర్ణయ సమస్య

భారతీయ కళాచరిత్రమును అభ్యసించువారికి అమరావతి మహాచైత్యమువంటి చిక్కు సమస్య వేరొకటి అరుదు. స్తూపము నేడు లేదు. దాని శిల్పఫలకములు చెన్నపురి, లండను ప్రదర్శనశాలలకు చేరినవి. కొన్ని మాత్రము అమరావతిలోనే నిలిచినవి. వీనిని పాలరాళ్ళని వ్యవహరించుట వాడుకయైనను, నిజమునకవి పలనాటి సున్నపురాళ్ళు.

1797లో కాలిన్ మెకంజీ ఇచటికి వచ్చునాటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయని నూతన రాజధానీ నిర్మాణమునకై దిబ్బలోని ఇటుకలును రాళ్ళును తరలుచుండెను. అతడు 1816లో మరల వచ్చి చూడగా దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియుండెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన ఫలకములు చెన్నపురిలో చాలకాలము పడియుండి, 1859లో ఇంగ్లండునకు పోయినవి. 1880లో ప్రభుత్వమువారు మిగిలిన దిబ్బనంతయు త్రవ్వించిరి. మరుసటి యేడు బర్జెస్ వచ్చునప్పటికి, ఏ ఫలకము ఎచట నిలిచియుండెనో తెలుపు ఆధారములు చాలవరకు నశించినవి. కావున వేంకటాద్రినాయని నొక్కనినే నిందించుట న్యాయము కాదని మా అభిప్రాయము.

స్థానము తెలియని ఫలకమునకు కాలము నిర్ణయించుటెట్లు? బోధివృక్షము, శూన్యాసనము, పాదముద్రలు కన్పట్టినచో ప్రాచీనమనియు, బుద్ధమూర్తి కన్పట్టినచో అర్వాచీనమనియు పలువురు తలంతురు. ఈ సూత్రము సగమే సత్యము. అమరావతి చివరి దశలో ప్రతీకములును మూర్తియు సమకాలమున వాడుకలో నుండినవి. మూర్తి కలిగిన ఫలకము అర్వాచీనమనుట ఒప్పవచ్చునుగాని, మూర్తి లేనంతమాత్రమున అది ప్రాచీనము కానేరదు.

ఇంతకంటె గట్టి సాక్ష్యము బ్రిటిష్ మ్యూజియములోని ఒక ఫలకమున కలదు. దాని ఒకవైపున శూన్యాసనమును కొలుచు భక్తులు, ఇది క్రీ.పూ. మొదటి శతాబ్దినాటి పని. తరువాతివారు ఆ రాతినే త్రిప్పి, రెండవవైపున క్రీ.శ. మూడవ శతాబ్దిలో స్తూపమును మలచిరి. పూర్వాపరములను ఇచట రాయియే చెప్పుచున్నది. మన అభిరుచితో పని లేదు.

శాసనములు మరియొక ఆధారము. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరుగల శాసనము కొంత నిలకడ నిచ్చుచున్నది. తక్కినవానికి లిపియే శరణ్యము. 1942లో శివరామమూర్తిగారు చెన్నపురి ఫలకములపై వెలువరించిన గ్రంథమున లిపిని, శిల్పరీతిని, వేషభూషలను కలిపి పరిశీలించి నాలుగు దశలను నిర్దేశించిరి. తెలుగు శాఖలవారికి అమరావతి శాసనములనగా ‘నాగబు’ అను పదమొక్కటియే స్ఫురించుట విచారకరము; దాతల పేర్లు, వారి వృత్తులు, లిపి పరిణామము మన పరిశోధనకు ఇంకను ఎదురుచూచుచునే యున్నవి.

మెకంజీ వ్రాయించిన చిత్రములను సైతము వీనితో చేర్చి చదువవలెను. కొన్ని ఫలకములు ఆ చిత్రములలో తప్ప మరెచటను మిగులలేదు. ఇక నాలుగు దిక్కుల ఆయక వేదికలతో, వేదికకు ఐదేసి స్తంభములతో నిలిచిన చైత్యము సమగ్రరూపమును చూడగోరువారికి, ఆనాటి శిల్పులు ఫలకములపై చెక్కిన స్తూపచిత్రములే నేడు దిక్కు.