పాన్‌దాన్, మిస్వాక్, జంబూర్: మన బుజుర్గుల నోటి తారీఖ్

పల్నాటి తారీఖ్ అనగానే అందరూ కోడిపందెం దగ్గర మొదలెట్టి కారంపూడి రణరంగం దగ్గర ఆపేస్తారు. గురజాల నలగామరాజు రాజధాని, నాగమ్మ మాట చెల్లిన ఊరు. సరే, ఒప్పుకుంటాం. కానీ ఈ నేల మీద మామూలు జనం ఏం నమిలారు, దేంతో పళ్లు తోముకున్నారు, అరవై దాటకముందే ఎందుకు బోసినోళ్లయ్యారు అని అడిగేవాళ్లు తక్కువ. నాకైతే ఆ తారీఖే ముఖ్యం. ఎందుకంటే అది ఇంకా మన ఇళ్లలో మంచం మీద కూర్చుని, రొట్టెను చాయ్‌లో నానబెట్టుకుని తింటోంది.

ముందు పాన్‌దాన్ సంగతి. దాదీమా పక్కన ఇత్తడి పాన్‌దాన్, మంచం కింద ఉగాల్‌దాన్. ఇవి లేని ఇల్లు ఒక జమానాలో షరీఫ్ ఖాన్‌దాన్ కింద లెక్క కాదు. దానికి కావలసిన సరుకంతా చుట్టుపక్కలే దొరికేది. తమలపాకుకి పొన్నూరు, సున్నానికి పిడుగురాళ్ల, పొగాకుకి గుంటూరు సీమ మొత్తం. దక్కన్‌లో ఆడవాళ్లు పళ్ల సందులకు నల్లటి మిస్సీ రాసుకునేవాళ్లు. అదీ ఒక ఖూబ్‌సూరతీ. మెహమాన్‌కి పాన్ ఇవ్వడం మన తహజీబ్, దాన్ని నేను తక్కువ చేయను. కానీ పొగాకు వేసిన తాంబూలం క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1985లోనే తేల్చింది. 2004లో ఇంకో మాట కలిపింది: పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే చాలు. "నేను జర్దా వేయను బేటా, ఉత్త వక్కే" అనే నానీమాలకు ఈ రెండో మాట ఎవరూ చేరవేయలేదు.

పొగాకు పాన్‌లోనే ఉందా అంటే, మంజన్‌లోనూ దూరింది. పళ్ల పొడిలో పొగాకు కలిపి అమ్మేవాళ్లు, చిగుళ్ల నొప్పి తగ్గినట్టే ఉండేది, అందుకే వదిలేవాళ్లు కాదు. భారత ప్రభుత్వం 1992లో పళ్ల పొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని నిషేధించింది. కానూన్ వచ్చింది, ఆదత్ మాత్రం పోలేదు. ముక్కుపొడిని వేలితో చిగుళ్లకు రుద్దుకునే బుజుర్గులు ఇప్పటికీ ఉన్నారు.

ఇక నీళ్లు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, వాళ్ల సాథీ డాక్టర్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి రాశారు. వాళ్లు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని, అంటే మనకు దక్షిణాన ఉన్న మెట్ట ప్రాంతాన్ని. పల్నాడులోనూ కొన్ని ఊళ్ల బోరునీళ్లలో ఈ తక్లీఫ్ ఉంది. చిన్నప్పుడు, పళ్లు లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీళ్ల గుర్తు పంటి మీద గోధుమ రంగు మచ్చగా జిందగీ అంతా ఉండిపోతుంది. అది మురికి కాదు. మురికే అనుకుని బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు పెట్టి దశాబ్దాల తరబడి రుద్దితే మచ్చ పోదు, పైన ఉన్న గట్టి పొర అరిగిపోతుంది. ఆ తర్వాత చల్లనీళ్లు తగిలినా జివ్వుమంటుంది. దాన్ని "ఉమర్ అయిపోయింది" అంటాం. పాపం, ఉమర్ చేయని తప్పులు కూడా దాని నెత్తినే వేస్తాం.

పన్ను కదిలితే ఇలాజ్ ఒక్కటే, పీకేయడం. హజ్జామ్ దగ్గర జంబూర్ ఉండేది. పళ్లను నిలబెట్టే ఇల్మ్ మాత్రం ఎప్పటి నుంచో ఉంది. వెయ్యేళ్ల కింద కొర్దోబాలో అల్ జహ్రావీ పంటి గార గీకే పనిముట్ల బొమ్మలు గీసి మరీ తన కితాబులో పెట్టాడు. కదిలే పళ్లను బంగారు తీగతో కట్టే పద్ధతి కూడా చెప్పాడు. మన దేశంలో ఆ ఇల్మ్‌కి మదరసా లాంటిది కట్టినవాడు తూర్పు బెంగాల్‌లో పుట్టిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అమెరికాలో చదువుకుని వచ్చి 1920లో కలకత్తాలో మొదటి డెంటల్ కాలేజీ పెట్టాడు. ఐస్‌క్రీమ్ దుకాణం నడిపి ఆ పైసలు కాలేజీకి ఖర్చు పెట్టాడు. దేశానికంతటికీ దంతవైద్యుల చట్టం వచ్చింది 1948లో. అంటే ఇవాళ ఎనభై ఏళ్ల దాదా పుట్టేనాటికి పళ్ల డాక్టర్ ఎవరో, జంబూర్ పట్టిన హజ్జామ్ ఎవరో విడదీసే కానూనే దేశమంతటికీ లేదు. ఆయనకు పళ్ల డాక్టరంటే ఖౌఫ్ ఉంటే తప్పేముంది?

మరి ఇప్పుడు ఏం చేయాలి? కొత్తగా నేర్పే పని సగమే. మిస్వాక్ సున్నత్ అని మనకు తెలుసు, వుజూలో మూడుసార్లు పుక్కిలించడం తెలుసు. కానీ మిస్వాక్ షేర్వానీ జేబులో అత్తరు సీసా పక్కన అలంకారంగా మిగిలింది. మొన మెత్తబడేదాకా నమిలి, చిగురు నుంచి పంటి వైపు తోమాలి. ఎండిపోయిన కొసను కోసేసి కొత్త మొన తీయాలి. చిగుళ్లు కిందికి జారిన ముసలి పళ్లకు వేళ్ల దగ్గర పుచ్చు పట్టుకుంటుంది. పుల్ల అక్కడికి సరిగా చేరదు, మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు కావాలి. బోరునీళ్ల ఫ్లోరైడ్‌కి భయపడి పేస్టు మానేయనక్కర్లేదు, ఉమ్మేసేదానికీ తాగేదానికీ ఫరక్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్లు తొందరగా చెడతాయి, చెడిన చిగుళ్లు షుగర్‌ని అదుపులో ఉండనివ్వవు. బీపీ మాత్రల్లో కొన్ని నోరు ఎండబెడతాయి, అప్పుడు పళ్లు ఇంకా తొందరగా పుచ్చుతాయి. పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, తెల్లటి మచ్చ కనిపిస్తే, నోరు తెరుచుకోవడం కష్టమైతే డాక్టర్‌కి చూపించాలి, నొప్పి లేకపోయినా సరే.

రాత్రి పళ్లు తోమమంటే దాదా వినడు. ఇషా వుజూ చేయమని మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు, తనే లేస్తాడు. ఆ లోటా పక్కనే బ్రష్ పెట్టండి. కట్టుడు పళ్లు ఉంటే పడుకునే ముందు తీసి, తోమి, గిన్నెలో మంచినీళ్లలో వేయమనండి. గిన్నె మీద మూత మర్చిపోకండి, పిల్లలున్న ఇల్లు.