స్విఫ్ట్ ఎందుకు వెనకబడింది?
అమెరికా మైదానాల్లో కయోటీ మన నక్కకు దగ్గర చుట్టమే, గొర్రెల మందకు మాత్రం బద్ధశత్రువు. దాన్ని కొట్టే తూటాల్లో వేగానిదే గెలుపంటారు. చరిత్ర అలా సాగలేదు. 1935లో తుపాకుల కంపెనీ విన్‌చెస్టర్ తెచ్చిన .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల గుండును సెకనుకు 4,110 అడుగుల వేగంతో విసిరింది. అయినా ఎక్కువ ఆదరణ దక్కింది దానికన్నా కాస్త నెమ్మదైన .22-250కే. .250 సావేజ్ ఇత్తడి ఖోలు మెడను నొక్కి తుపాకి ప్రియులు సొంతంగా చేసుకున్న తూటా అది. 1965లో రెమింగ్టన్ దాన్ని కంపెనీ సరుకుగా మార్చింది.

స్విఫ్ట్ బ్యారెల్‌ను తినేస్తుందన్న అపవాదే దాన్ని ముంచిందంటారు. కొంత నిజమే: మండే వాయువులు బ్యారెల్ మొదలును కొరికేస్తాయి. అయితే ఆ పాపం .22-250కీ అంటుతుంది. తూటా ఎంపికలో అసలు తేడా అది చేయాల్సిన పనిలో ఉంది. కయోటీకి ఒక్క దెబ్బ చాలు. బొరియల్లో బతికే ఉడుతజాతి ప్రెయిరీ డాగ్‌ల కాలనీలో రోజంతా పేలుస్తూనే ఉండాలి. అక్కడ మందు తక్కువ తినే, గురి తప్పని 1950 నాటి .222 రెమింగ్టనే నయం.