బడిపంతులు - రాజ్యాంగం - న్యాయస్థానం

పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు "మాస్టారు చెప్పినట్లు విను" అని చెప్పి పంపడం మన ఇళ్ళలో ఆనవాయితీ. తల్లిదండ్రుల తరువాత అంతటి అధికారం మనం ఉపాధ్యాయునికే ఇచ్చాం. మరి ఆ మాస్టారుకు దేశపు చట్టాలన్నిటికీ పెద్దదైన రాజ్యాంగం ఎంతవరకు తెలుసు? తెలియకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు మన దేశ చరిత్రలోనే జవాబు ఉన్నది.

1985లో కేరళలోని ఒక బడిలో అన్నాచెల్లెళ్ళు ముగ్గురు చదువుకుంటున్నారు. వారిది క్రైస్తవుల్లో యెహోవా సాక్షులనే శాఖ. రోజూ ఉదయం జాతీయగీతం పాడేటప్పుడు ఆ పిల్లలు అందరితోపాటు లేచి మర్యాదగా నిలబడేవారు. కాని పాడేవారు కారు. తమ దేవుణ్ణి తప్ప మరి దేనినీ కీర్తించకూడదని వారి విశ్వాసం. ఒక శాసనసభ్యుడు ఇది గమనించి సభలో ప్రస్తావించారు. విచారణ జరిగింది. పిల్లలు బుద్ధిమంతులే, గీతాన్ని అవమానించలేదు అని నివేదిక వచ్చింది. అయినా పై అధికారి ఆదేశంపై జూలై 26న హెడ్మిస్ట్రెస్ వారిని బడి నుంచి తీసివేశారు. ప్రభుత్వ ఉత్తర్వులు వచ్చేదాకా అయినా పిల్లల్ని రానివ్వండని తండ్రి అడిగితే, నా చేతిలో ఏమీ లేదన్నారు.

కేరళ హైకోర్టులో తండ్రి ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. ఆయన మన తెలుగువారు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. జాతీయగీతం పాడితీరాలని ఏ చట్టమూ చెప్పలేదని ఆయన తేల్చారు. 1971 నాటి చట్టం శిక్షించేది పాడేవారిని అడ్డుకొనేవారిని, పాడే సభను చెదరగొట్టేవారిని మాత్రమే. మర్యాదగా నిలబడటం అవమానం కాదు. విద్యాశాఖ సర్క్యులర్లు చట్టం కావు. రాజ్యాంగంలోని 19, 25 అధికరణాలు ఇచ్చిన వాక్స్వాతంత్ర్యాన్ని, మతస్వేచ్ఛను సర్క్యులర్ కాగితంతో తీసివేయడం కుదరదు. పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోండని కోర్టు ఆదేశించింది.

హెడ్మిస్ట్రెస్ గారిని నిందించడం నా ఉద్దేశం కాదు. పై నుంచి కాగితం వస్తే చాలా బడుల్లో జరిగేది అదే. కాని సర్క్యులర్ వేరు, చట్టం వేరు, రాజ్యాంగం ఆ రెంటికీ పైది అని తెలిసిన ఉపాధ్యాయులు "అయ్యా, ఏ చట్టం కింద తీసివేయమంటారు?" అని కనీసం ఒక ఉత్తరమైనా రాయగలరు. ఒక్కోసారి అలాంటి ఒక్క ఉత్తరమే పిల్లల చదువును నిలబెడుతుంది.

చదువుకొనే హక్కు సంగతీ ఇంతే. పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య ఏర్పాటుకు ప్రయత్నించాలని 1950లోనే 45వ అధికరణం చెప్పింది. పదేళ్ళూ గడిచిపోయాయి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు దాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ రెండూ అమలులోకి వచ్చాయి. వయసు కాగితం లేదని పిల్లల్ని చేర్చుకోకపోవడం ఆ చట్టం ప్రకారం కుదరదు. కొట్టడం, మనసు నొప్పించి వేధించడం నిషేధం. కూలికి పోయే తల్లి "కాగితం లేదండీ" అని గుమ్మంలో నిలబడినప్పుడు ఆమె ముందు ఉండేది జడ్జిగారు కాదు, మాస్టారే.

మన వారు నడిపే విద్యాసంస్థలకూ ఇందులో పాఠం ఉన్నది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను తామే స్థాపించి నడుపుకొనే హక్కును 30వ అధికరణం ఇచ్చింది. 1958లో కేరళ విద్యాబిల్లుపై సుప్రీంకోర్టు ఆ హక్కును గట్టిగా నిలబెట్టింది. అదే నోటితో, నడిపే హక్కు అంటే చెడగొట్టే హక్కు కాదని కూడా హెచ్చరించింది. మొదటి మాట మనకు బాగా గుర్తుంటుంది. రెండవది కమిటీ మీటింగుల్లో ఎవరూ ఎత్తరు.

ఉపాధ్యాయ శిక్షణ మనకు కొత్త కాదు. ప్రజాస్వామ్య పౌరులను తయారుచేయడం విద్యాలక్ష్యమని 1952-53లో మొదలియార్ కమిషన్ చెప్పింది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లాల్లో డైట్ సంస్థలు వెలిశాయి. ఉద్యోగంలో ఉన్న టీచర్లకూ అక్కడ శిక్షణ ఇస్తారు. అయితే బోధనాపద్ధతులు, పరీక్షలు, మనస్తత్వశాస్త్రం ముందు వరుసలో కూర్చుంటే, కోర్టు తీర్పులకు వెనక బెంచీ కూడా దొరకడం కష్టం.

అందుకని నాదొక మనవి. రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజు 1949 నవంబరు 26. 2015 నుంచి దానిని రాజ్యాంగ దినోత్సవంగా జరుపుతున్నారు. ప్రతి ఏడాదీ ఆ దగ్గర్లో వచ్చే ఆదివారం మన సొసైటీ ఒక వకీలు గారిని పిలిచి, మన టీచర్లను ఒకచోట కూర్చోబెట్టి, పైన చెప్పిన మూడు తీర్పులనూ తెలుగులో, ఉర్దూలో చదివి చర్చించే ఏర్పాటు చేయాలి. ఖర్చు చాపలూ చాయ్ మాత్రమే. "మాస్టారు చెప్పినట్లు విను" అని మనం పిల్లలతో నిబ్బరంగా అనగలగాలంటే, ఆ మాస్టారుకు రాజ్యాంగం ఏం చెప్పిందో తెలిసి ఉండాలి కదా!