నల్లరాతిలో ముత్యపుచిప్ప



1956వ సంవత్సరమున రాష్ట్రముల హద్దులు మారువరకు మన జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే. నేడు బీదరు కర్ణాటకమునకును, మనము తెలంగాణమునకును చెందితిమి. అయినను సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న ఆ కోట మనకు పరాయిది గాదు.

ఆ కోటలో రంగీన్ మహలను రాజగృహము కలదు. 16వ శతాబ్దమున అలీ బరీద్ షా దానిని అలంకరింపజేసెను. లోపలి ద్వారముకడ నల్లరాతిలో ముత్యపుచిప్ప తునకలు పొదిగి లతలను, పారసీక పద్యములను తీర్చిరి.

ఇందలి కష్టమెట్టిదో వినుడు. కొయ్య యైనచో నొక్కిన కొంత లొంగును. రాయి లొంగదు, చిప్పయు లొంగదు, బలవంతపెట్టిన పగులును. తునక పెద్దదైన గుంటలో దిగదు. చిన్నదైన అంచున సందు మిగులును. నల్లనిదానిపై తెల్లనిది గనుక వెండ్రుకవాసి సందైనను కంటికి దాగదు. ఇట్టి పనికి మేలైన క్రమమిది: మొదట తునకను తీర్చి, రాతిపై నుంచి, దాని అంచువెంట సన్నని మొనతో గీత గీయవలెను. గీతకు లోపలనే గుంట త్రవ్వి, పిదప కొంచెము కొంచెముగా అరగదీయుచు మాటిమాటికి సరిచూడవలెను. తీసినది మరల రాదు. కావున తక్కువ తీయుటయే నేర్పు.

బీదరులోనే పుట్టిన బిదిరీ పని వేరు. సుమారు 16 పాళ్లు తుత్తునాగమునకు 1 పాలు రాగి చేర్చి పాత్రను పోతపోయుదురు. గీతలు కనబడుటకై మైలుతుత్తపు నీరు రాచి, ఉలితో గాళ్లు చెక్కి, వెండి తీగను రేకును సుత్తితో కొట్టి దింపుదురు. మెత్తని వెండి గాడి మూలలకు ప్రాకి తానే నిండును. కడపట కోటమన్నును నవాసాగరమును కలిపి రుద్దగా పాత్ర నల్లబడును. వెండి తెల్లగనే నిలుచును.

వ్యాకరణము చెప్పి బ్రదికినవాడను గనుక నాకిట్లు తోచును: వెండిది సంధి, చిప్పది ప్రకృతిభావము. సంధిలో ఒకటి వేరొకదానికి చోటిచ్చును. ప్రకృతిభావమున ఏదియు మారదు. కూర్చువాని చేతినేర్పే ఆధారము.

బిదిరీకి 2006లో భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో బీదరు శిల్పి షా రషీద్ అహ్మద్ ఖాద్రీగారికి పద్మశ్రీ వచ్చెను. సంతోషమే. కాని చేతిపని బిరుదులచే బ్రదుకదు, శిష్యులచే బ్రదుకును. బహమనీ, బరీదు రాజుల పేర్లు పిల్లలచే వల్లెవేయించితిని. చిప్పను కోసినవాని పేరు ఏ పాఠమునను లేదు. అతని పేరు పోయినను పని నిలిచినది. నేర్చువాడు లేనినాడు పనియు పోవును. మీ యింటి బాలుడు ఉలి పట్టెదనన్నచో, అది చదువుకంటె తక్కువదని వానిని వారింపకుడు.